నాలుగు మడుల హెచ్చవేత: రెండంకెల గుణకారాన్ని పిల్లలకు ఆటగా నేర్పే విధానం

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున, మహారాష్ట్రలో ఉన్న సిరొంచ తాలూకాలో చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ. ఇక్కడి పిల్లలకు కొన్నేళ్లుగా నేను సాయంత్రం పూట లెక్కలు చెబుతున్నాను. ఒక అంకెతో హెచ్చవేసేటంత వరకు హాయిగా సాగిపోయే పిల్లలు, 47ను 36తో హెచ్చవేయమనగానే పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెడతారు. వాళ్లకు ఎక్కాలు రాక కాదు. తాము రాస్తున్న రెండో వరుస ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎడమకు ఎందుకు జరపాలో తెలియకుండానే చేతులు కదిలించాల్సి రావడం వల్ల ఆ విసుగు వస్తుంది. అర్థం తెలియని పనికి చివర చాక్లెట్ కట్టినంత మాత్రాన అది ఆట కాదు. కాబట్టి ఈ క్రమంలో సంఖ్యను విడగొట్టి చూడటాన్నే మొదట ఆటగా మార్చుకుంటాము. పోటీలు, పందేలు ఆ తరువాత వస్తాయి. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

మొదలుపెట్టే ముందు

పిల్లవాడి చేతికి నాలుగే లెక్కలు ఇవ్వండి: 23×4, 47×6, 40×30, 47×36. పక్కన కూర్చుని, ఏమీ అనకుండా చూడండి. మొదటిది తప్పితే ఎక్కాల దగ్గరే ఆగాలి. రెండోది తప్పితే, 'చేతిలో నాలుగు' అని పట్టుకున్నదాన్ని కలపడం మరిచాడని అర్థం. మూడోదానికి 120 అని రాస్తే స్థానవిలువ ఇంకా కుదురుకోలేదు, ఇదే అందరికంటే ఎక్కువగా కనిపించే తప్పు. నాలుగోదానికి 423 అని వస్తే, 282 కింద 141ని ఒక స్థానం వదలకుండా రాసి కూడాడు. ఈ నాలుగింటిలో ఏది ఎవరికి తప్పిందో రాసి పెట్టుకుంటే, కింది మెట్లలో ఎవరి దగ్గర ఎంతసేపు ఆగాలో మీకే తెలుస్తుంది.

మొదటి మెట్టు: సంఖ్య పేరును విప్పడం

సరిహద్దు పిల్లలకు ఉన్న చిక్కూ, వాళ్ల చేతిలో ఉన్న బలమూ రెండూ ఇక్కడే ఉన్నాయి కనుక ఈ మెట్టు మీద కనీసం వారం రోజులు గడపండి.

తెలుగులో ఇరవై దాటిన సంఖ్య ఏదైనా తన పేరులోనే విడిపోయి ఉంటుంది. నలభై ఏడు అంటే నలభై, ఏడు. పిల్లవాడు ఏ అంకెను ముందు వింటాడో దాన్నే ముందు రాస్తాడు. మరాఠీలో అదే సంఖ్య 'సత్తేచాళీస్'. అందులో ఏడు ముందు వినిపిస్తుంది, నలభై తరువాత వస్తుంది. అందుకే టీచరు సత్తేచాళీస్ అన్నప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు ముందు విన్న ఏడును ముందు రాసి 74 చేస్తాడు. మరాఠీ ఇంటి పిల్లలకు కూడా ఈ తడబాటు ఉంది. దీన్ని గుర్తించే 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో ఇరవై ఒకటిని 'వీస్ ఏక్' అని, ఇరవై రెండును 'వీస్ దోన్' అని చదివే పద్ధతిని ప్రవేశపెట్టింది. గణిత సమితికి అధ్యక్షత వహించిన మంగళా నార్లీకర్ దాన్ని సమర్థిస్తూ వివరణ ఇచ్చారు; రాష్ట్రమంతటా పెద్ద దుమారమే రేగింది. ఆ వాదంలో ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, ఎంతో చర్చించి తేదలచుకున్న ఆ సౌకర్యం మన పిల్లలకు ఇంటి మాటలోనే ఉందన్నది నాకు ముఖ్యమైన సంగతి. లెక్కను తెలుగులో ఆలోచించి, జవాబును మరాఠీలో చెప్పమనండి. బడిలో అది తప్పేమీ కాదు.

అయితే మరాఠీ పేర్లను తక్కువగా చూడవద్దు. ఇరవై తొమ్మిదిని వాళ్లు 'ఏకోణతీస్' అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. నలభై తొమ్మిది 'ఏకోణపన్నాస్', యాభైకి ఒకటి తక్కువ. 49ని 18తో హెచ్చవేయాల్సి వచ్చినప్పుడు తెలుగు పేరు కంటే ఈ పేరే దారి చూపుతుంది: యాభై పద్ధెనిమిదులు 900, అందులోంచి ఒక పద్ధెనిమిది తీస్తే 882. ఈ చిట్కాను పిల్లలకు చెప్పకండి. 'ఏకోణ' అంటే ఏమిటో వాళ్లనే అడగండి. కాసేపు తల గోక్కున్నాక ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఆ పట్టుకున్నవాళ్ల ముఖం చూడవలసిందే.

ఈ మెట్టుకు కావలసిన సామాను పాత పెళ్లి పత్రికలు. వాటి అట్టను కత్తిరించి 10, 20, 30 నుంచి 90 వరకు వెడల్పు చీట్లు, 1 నుంచి 9 వరకు సగం వెడల్పు చీట్లు చేయండి. 40 చీటి మీద సున్నా కప్పుకునేలా 7 చీటిని పెడితే 47 కనబడుతుంది, ఎత్తితే కింద 40 బయటపడుతుంది. మీరు ఒక సంఖ్యను ఒకసారి తెలుగులో, ఒకసారి మరాఠీలో చెప్పండి; పిల్లలు చీట్లు వెతికి పేర్చి, మళ్లీ విడదీసి చూపాలి. పదకొండు నుంచి పంతొమ్మిది వరకు తెలుగు పేర్లు కూడా ముడిపడి ఉంటాయి కనుక ఆ తొమ్మిదింటిని కాస్త ఎక్కువసార్లు ఆడించండి.

ఇంకొక చిన్న జాగ్రత్త ఉంది. మరాఠీ పుస్తకాల్లో దేవనాగరి అంకెలు ఉంటాయి, దేవనాగరి ఒకటి చూడటానికి మన 9లా ఉంటుంది. ఒక్క లెక్కలో రెండు రకాల అంకెలు కలిపి రాయకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి.

రెండో మెట్టు: పదుల పదులు వందలు

గళ్ల నోటుబుక్కులో పది గళ్ల పొడవు, పది గళ్ల వెడల్పు ఉన్న చదరం గీయించి లోపలి గళ్లు లెక్కపెట్టించండి. వంద వస్తుంది. తరువాత నలభై గళ్ల పొడవు, ముప్పై గళ్ల వెడల్పు ఉన్న పెద్ద దీర్ఘచతురస్రంలో ఆ వంద గళ్ల చదరాలు ఎన్ని పడతాయో అడగండి. ఒక కాగితం చాలకపోతే రెండు మూడు అతికించుకోవచ్చు. నాలుగు మూళ్లు పన్నెండు, కాబట్టి పన్నెండు వందలు. 40×30ని 120 అని రాసిన పిల్లవాడికి ఇక ఏమీ చెప్పనక్కరలేదు. సున్నాలు లెక్కపెట్టి చివర తగిలించమని మాత్రం నేర్పవద్దు. ఆ చిట్కా 50×40 దగ్గర, అంటే హెచ్చవేతలోనే ఒక సున్నా పుట్టిన చోట, పిల్లలను ముంచుతుంది.

మూడో మెట్టు: ముగ్గు చుక్కలు

దీన్ని ఒక్కసారైనా వాకిట్లో చేయించాలి. ఊడ్చి నీళ్లు చల్లిన నేల, ముగ్గుపిండి, ఇటుక పొడి ఉంటే చాలు. 23×14 లెక్కను తీసుకుని పద్నాలుగు వరుసలు, వరుసకు ఇరవై మూడు చుక్కలు పెట్టించండి. పది మంది పిల్లలు ఉంటే అరగంట పని. చుక్కలన్నీ పడ్డాక నిలువుగా ఇరవయ్యో చుక్క తరువాత ఒక గీత, అడ్డంగా పదో వరుస తరువాత ఒక గీత ఇటుక పొడితో గీయించండి. నేల నాలుగు ముక్కలవుతుంది. మా పిల్లలు వాటిని చూడగానే మడులన్నారు, గీతలను గట్లన్నారు. ఆ పేర్లే నిలిచిపోయాయి, నేను కూడా అప్పటి నుంచి ఇదే మాట వాడుతున్నాను.

పెద్ద మడిలో ఇరవై పదులు 200, దాని కింది మడిలో ఇరవై నాలుగులు 80, పక్క మడిలో మూడు పదులు 30, మూలనున్న చిన్న మడిలో మూడు నాలుగులు 12. మొత్తం 322. మడికి ఇద్దరిని పెట్టి వేలు పెట్టి లెక్కించమన్నాను. చిన్న మడి దగ్గర కూర్చున్న మూడో తరగతి అమ్మాయి మూడుసార్లు లెక్కపెట్టి, "సార్, పదకొండే ఉన్నయి" అంది. పక్కవాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. అడ్డంగా ఒక్కొక్క వరుసను వేలితో తడుముతూ వెళ్లి, పదమూడో వరుస చివర చుక్క పెట్టడం మరిచారని చూపించి, పిండి చిటికెడు తీసుకుని తానే పెట్టింది. జవాబు ఎంత రావాలో ముందే తెలిసినందువల్లనే ఆ చుక్క దొరికింది. హెచ్చవేత అంటే లెక్కపెట్టకుండానే లెక్క తెలుసుకోవడమని ఆ పూట నేను ఒక్క మాట కూడా చెప్పవలసిన అవసరం రాలేదు.

నాలుగో మెట్టు: కాగితం మీద నాలుగు మడులు

ఇప్పుడు చుక్కలు అక్కరలేదు. నోటుబుక్కులో ఒక పెట్టె గీసి అడ్డంగా ఒక గట్టు, నిలువుగా ఒక గట్టు పెట్టండి. 47×36కు పైన 40, 7. పక్కన 30, 6. మడుల్లో 1200, 210, 240, 42. కూడితే 1692. పెట్టె కొలతలు సరిగ్గా ఉండాలని పట్టుపట్టకండి కానీ, పెద్ద సంఖ్య ఉన్న వైపు మడి పెద్దదిగా గీయించండి. ఎక్కువ విలువ ఎక్కడ దాగి ఉందో కంటికి కనబడాలి.

మడులు నింపక ముందే ఉజ్జాయింపు పందెం వేయించండి. 47×36 అనేది 40×30 కంటే ఎక్కువ, 50×40 కంటే తక్కువ. అంటే 1200కూ 2000కూ మధ్య ఉండాలి. ఆ మధ్యలో ఎక్కడ ఉంటుందో ప్రతి ఒక్కరూ ఒక సంఖ్యను చీటీ మీద రాసి మడిచి పెట్టాలి, లెక్క అయ్యాక దగ్గరగా ఉన్నవాళ్లకు ఒక చింతగింజ. ఎక్కాలు నత్తనడకన చెప్పే పిల్లలు ఈ పందెంలో తరచు గెలుస్తారు. తరగతిలో లెక్కలు రావని ముద్ర పడ్డ పిల్లవాడి ముందు చింతగింజల కుప్ప పెరగడం వాడికే కాదు, మిగతావాళ్లకు కూడా మంచిది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టి, ఎవరు ముందు పూర్తి చేస్తే వాళ్లకు బహుమతి అన్నాను. గెలిచేది ఎప్పుడూ ఆ ముగ్గురే. నాలుగో రోజుకు ఇద్దరు పిల్లలు రావడం మానేశారు. ఒకరి ఇంటికి వెళ్లి అడిగితే, కడుపు నొప్పని వాళ్ల అవ్వ చెప్పింది. గడియారం తీసేశాక నొప్పి తగ్గింది.

ఐదో మెట్టు: బడి పద్ధతికి దారి

పిల్లలు బడిలో నిలువు పద్ధతినే రాయాలి కనుక మడుల దగ్గరే ఆపకూడదు. ఒకే కాగితం మీద ఎడమ పక్క మడులు, కుడి పక్క నిలువు లెక్క రాయించండి. 6తో వచ్చిన 282 అంటే కింది రెండు మడులు కలిసినది, 240, 42. 30తో వచ్చిన 1410 అంటే పై రెండు మడులు, 1200, 210. రెండో వరుసలో ఒక స్థానం ఎందుకు వదలాలో దీనితో తేలిపోతుంది, మనం హెచ్చవేసింది మూడుతో కాదు, ముప్పైతో. ఆ ఖాళీలో సున్నా రాయించడమే మంచిది, × గుర్తు పెడితే అర్థం మళ్లీ దాక్కుంటుంది. చేతిలో పట్టుకున్న అంకెను తెలుగులో 'చేతిలో నాలుగు' అంటాము, మరాఠీలోనూ దాన్ని 'హాత్‌చా' అనే అంటారు. రెండు భాషల వాళ్లూ చేతిలోనే దాచుకున్నారని చెబితే పిల్లలు నవ్వుకుంటారు, మరిచిపోవడం తగ్గుతుంది.

తరువాత తప్పుల వేట. నేను నల్లబల్ల మీద 47×36 = 423 అని దర్జాగా రాసి వెనక్కి తిరుగుతాను. ఉజ్జాయింపు నేర్చిన తరగతి ఊరుకోదు. తప్పు ఉందని చెబితే ఒక గింజ, తప్పు ఏ వరుసలో పుట్టిందో చూపితే రెండు గింజలు.

అభ్యాసానికి ఆటలు

అన్నింటిలోకి నాకు నచ్చింది నాలుగు చీట్ల ఆట. 1 నుంచి 9 వరకు ఉన్న చీట్లలో నాలుగు తీసి, వాటితో రెండు రెండంకెల సంఖ్యలు చేసి, హెచ్చవేస్తే అన్నింటికంటే పెద్ద జవాబు రావాలి. 2, 3, 5, 7 వచ్చాయనుకోండి. చాలామంది ముందు 75×32 చేసి 2400 తెస్తారు. కాసేపటికి పెద్ద అంకెలు రెండూ పదుల స్థానంలో ఉండాలని పసిగట్టి 73×52 చేస్తారు, 3796. అక్కడ ఆగిపోకండి, 72×53 చేసి చూడమనండి, 3816. రెండు జతల కూడిక 125 అయినా, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న జతకు లబ్ధం ఎక్కువ. ఒక్క ఆటలో పిల్లవాడు ఎవరూ అడగకుండానే ఐదారు హెచ్చవేతలు చేస్తాడు. మరునాడు అన్నింటికంటే చిన్న జవాబు తెమ్మనండి. ఇవే అంకెలకు అది 25×37, అంటే 925.

అద్దం జతలు ఇంకొక ఆట. 12×42 ఎంత? 504. రెండు సంఖ్యలనూ తిరగేసి 21×24 చేయండి, మళ్లీ 504. 23×64 చేసినా 32×46 చేసినా 1472. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో వెతికి గోడ మీద అంటించమంటే వారం పాటు సాగుతుంది. పదుల అంకెల లబ్ధం, ఒకట్ల అంకెల లబ్ధం సమానమైనప్పుడే ఇది జరుగుతుంది. ఆ రహస్యాన్ని మీరు బయటపెట్టకండి.

హౌసీ అందరికీ తెలిసినదే. చీటీలో జవాబులు రాసి, పిలిచేటప్పుడు లెక్క చదివితే సరి.

ఎక్కాలు ఇంకా తడుముకునే పిల్లల కోసం స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్ 1617లో ప్రచురించిన పట్టీలు చేసి ఇవ్వండి. ఒక్కొక్క అంకెకు ఒక పొడవాటి అట్టముక్క; దాని మీద తొమ్మిది గళ్లు, గడికొక ఏటవాలు గీత. గీతకు పైన పదులు, కింద ఒకట్లు వచ్చేలా ఆ అంకె ఎక్కం రాయాలి. 4 పట్టీ, 7 పట్టీ పక్కపక్కన పెట్టి ఆరో గడి చూస్తే 24, 42 కనబడతాయి. ఏటవాలుగా కూడితే 2, 8, 2, అంటే 282. పట్టీలు చేయడమే పిల్లలకు మంచి అభ్యాసం, చేసేసరికి సగం ఎక్కాలు వచ్చేస్తాయి.

ఆకు కల్లం లెక్క

వేసవిలో తునికాకు కాలం వస్తే మా ఊళ్లలో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి వెళ్తుంది. మధ్యాహ్నం నీడన కూర్చుని ఆకు పేర్చి కట్టలు కడతారు. మహారాష్ట్ర వైపు కట్టకు డెబ్బై ఆకులు. కల్లంలో ఆ కట్టలను వరుసలుగా పేర్చి ఆరబెడతారు కనుక, అది నేల మీద పరిచిన హెచ్చవేతే. పిల్లల చేత చిన్న పద్దు పుస్తకం పెట్టించండి: ఈ రోజు మన ఇంట్లో 38 కట్టలైతే ఆకులెన్ని? డెబ్బైని పది ఏడులుగా చూస్తే, ఏడు ముప్పై ఎనిమిదులు 266, దానికి పది రెట్లు 2660. వరుసకు 24 కట్టల చొప్పున 16 వరుసలుంటే కట్టలెన్ని? నాలుగు మడులు గీస్తే 200, 40, 120, 24, మొత్తం 384. కల్లంలో కట్టలు లెక్క చూసే కల్లేదారు చెప్పిన సంఖ్యతో పోల్చుకోవడం పిల్లలకు మహా సరదా. పెద్దలకు కూడా పనికివస్తుంది, కానీ ఆ సంగతి పిల్లల ముందు అనకపోవడం మంచిది. లేకపోతే కల్లం దగ్గర పేచీలకు వాళ్లనే ముందుకు తోస్తారు.

సరిచూసుకోవడం

జవాబు సరైనదా అని ప్రతిసారీ మీ ముఖం వైపు చూసే అలవాటు మాన్పించాలి. దానికి తొమ్మిదుల పరీక్ష ఉంది. సంఖ్యలోని అంకెలను ఒక్క అంకె మిగిలేదాకా కూడాలి. 47కు 11, ఆపైన 2. 36కు 9. ఈ రెండింటినీ హెచ్చవేస్తే 18, దాన్ని కూడితే 9. జవాబు 1692కు 18, ఆపైన 9. రెండు పక్కలా ఒకటే వచ్చింది. ఇది అంకెలు తారుమారైన తప్పును మాత్రం పట్టలేదు. 1962 రాసినా 9 వస్తుంది. కాబట్టి ఉజ్జాయింపు, తొమ్మిదులు రెండూ చూడాలి.

మూడంకెలు, ఆపైన

మడులు పెరుగుతాయి, పద్ధతి మారదు. మూడంకెలను రెండంకెలతో చేస్తే ఆరు మడులు, మూడంకెలతో చేస్తే తొమ్మిది. ఇక్కడికి వచ్చిన పిల్లలకు మహావీరాచార్యుని హారాలు ఇవ్వండి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో ఆయన రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. జవాబు హారంలా అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా ఉండే హెచ్చవేతలు అందులో ఉన్నాయి. 139×109 వాటిలో ఒకటి. 109లో మధ్యనున్న సున్నాకు మడి కట్టాలా వద్దా అని పిల్లలు కాసేపు కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి. చివరకు 15151 వచ్చినప్పుడు సరైనదని మీరు చెప్పనక్కరలేదు.

ఆ హారాల్లోనే ఉన్న 152207×73ను మాత్రం ఒక్కరికి ఇవ్వకండి. ముగ్గురిని నేల మీద కూర్చోబెట్టి పెద్ద కాగితం ఇవ్వండి. ఒకరు డెబ్బై వరుస, ఒకరు మూడు వరుస నింపాలి, మూడోవారు కూడాలి. డెబ్బై వరుసకు 1,06,54,490, మూడు వరుసకు 4,56,621 రావాలి. కూడికలో ఎనిమిది స్థానాల్లోనూ 1 అంకే రాకపోతే, వేరే అంకె వచ్చిన స్థానం నుంచి వెనక్కి వెళ్లి, తప్పిన మడి ఏదో ముగ్గురూ కలిసి వెతకాలి.